రాక, పోక, నిల్వ

కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక పెద్ద చెరువు ఉంది. మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి నుంచి పాలన చేసిన భాస్కర భవదూరుడు దాన్ని కట్టించి, ఆ సంగతి 1369లో రాతి పలకల మీద సంస్కృతంలో చెక్కించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేసినట్టు అందులో ఉంది. చెరువు తవ్వించిన పుణ్యాన్ని పొగిడే శాసనాలు మనకు కొల్లలుగా ఉన్నాయి. ఇది వాటికంటే ఒక అడుగు ముందుకు వేసి, మంచి చెరువుకు కావలసిన 12 సాధనాలనూ, చెరువును చెడగొట్టే ఆరు దోషాలనూ వరసగా చెప్పింది.

ఆ ఆరు దోషాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల కావడం, చెరువు నడుమ తాబేలు వీపులా మిట్ట ఉండటం. ఈ మూడూ అనుభవమున్న ఒడ్డెర మేస్త్రీ నిలబడి చూసి చెప్పగలిగినవే. తక్కిన మూడింటి తీరు వేరు. చెరువు రెండు రాజ్యాల పొలిమేర మీద ఉండటం. నీరు కొంచెమై, దాని కింద తడవాల్సిన భూమి ఎక్కువ కావడం. నీరు ఎక్కువై భూమి కొంచెం కావడం. కట్టంతా కలియదిరిగినా ఈ మూడూ కంటికి కనబడవు. రాయీ మట్టీ ఎంత మేలైనవైనా సరే, ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య ఉన్న పొత్తు చెడితే చెరువు చెడుతుందని ఆ శాసనకర్త గుర్తించాడు. విడి వస్తువుల్ని కాక వాటి మధ్య సంబంధాన్ని చూసే ఈ చూపునే ఇవాళ సిస్టమ్స్ థింకింగ్ అంటున్నారు. తెలుగులో వ్యవస్థా దృష్టి అనుకుందాం.

ఈ దృష్టికి ఆధునిక కాలంలో ఒక పద్ధతిని ఇచ్చినవాడు జే ఫారెస్టర్. నెబ్రాస్కాలో పశువుల్ని మేపుకునే కుటుంబంలో పుట్టి, ఇంజనీరై, తొలితరం కంప్యూటర్లకు అయస్కాంత మెమరీని రూపొందించి, 1956లో ఎంఐటీ మేనేజ్‌మెంట్ స్కూలుకు మారాడు. అక్కడ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ మేనేజర్లు తమ చిక్కు ఒకటి చెప్పుకున్నారు. కెంటకీలో వాళ్ల గృహోపకరణాల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ కొన్నాళ్లు మూడు నాలుగు షిఫ్టులు నడుస్తాయి, ఓవర్‌టైమ్ కూడా చాలదు. రెండు మూడేళ్లు గడిచేసరికి సగం మందిని ఇంటికి పంపాల్సి వస్తుంది. మార్కెట్ ఒడుదొడుకులే కారణమని సరిపెట్టుకోబోయారు గానీ, లెక్క కుదరలేదు.

ఫారెస్టర్ నోటుపుస్తకం తీసి గళ్లు గీశాడు. సరుకు నిల్వ ఎంత, పనివాళ్లు ఎంతమంది, చేతిలో ఆర్డర్లు ఎన్ని. ఈ పరిస్థితిలో వచ్చే వారం ఎంతమందిని తీసుకుంటారు అని అడుగుతూ వారం వారం పెన్సిలుతో లెక్క కట్టాడు. బయటి నుంచి వచ్చే ఆర్డర్లు నిలకడగా ఉన్నాయనుకున్నా, లోపలి నిర్ణయాల తీరు వల్లనే పనివాళ్ల సంఖ్య ఎగసిపడుతుందని తేలింది. పనివాణ్ణి తీసుకోవడానికీ, అతను చేసిన సరుకు గోదాముకు చేరడానికీ మధ్య కాలం పడుతుంది. ఆ ఎడం గమనించకుండా ప్రతివాళ్లూ తమ వంతుకు సబబైన నిర్ణయమే తీసుకుంటున్నారు. అన్నీ కలిసేసరికి ఫ్యాక్టరీ ఊగిపోతోంది. అందులో ఎవరి తప్పూ లేదు. జనం జీతాలు పోగొట్టుకున్న ఆ కష్టానికి దోషి ఎవరూ లేరంటే మనసు ఒప్పుకోదు గానీ, ఈ విద్య మొదటి పాఠం అదే.

అమెరికా పుస్తకాల్లో ఈ లెక్కను స్నానాల తొట్టితో చెబుతారు. మనకు చెరువు ఉంది. వాగు తెచ్చేది రాక. తూము నుంచి, మత్తడి మీదుగా, ఎండకు ఆవిరై, నేలలోకి ఇంకి పోయేది పోక. మధ్యన నిలిచింది నిల్వ. బ్యాంకులో డబ్బు, ఊళ్లో ఒకరిపై ఒకరికి ఉన్న నమ్మకం, ఒంట్లో సత్తువ, ఆఫీసులో పేరుకున్న ఫైళ్లు, అన్నీ నిల్వలే. నిల్వ ఒక్క రోజులో మారదు. తూము మూసినంత మాత్రాన చెరువు నిండదు. మనం రాకను చూసి సంతోషిస్తాం, పోకను చూసి కంగారుపడతాం, నిల్వను మాత్రం అడుగు తేలిన రోజునే చూస్తాం. జీతం పెరిగిన ఇంట అప్పు ఎందుకు పెరుగుతుందో, డాక్టర్లను పెంచినా ఆసుపత్రి వరండాలో జనం ఎందుకు తగ్గరో ఆలోచించేటప్పుడు, ముందు ఇక్కడ నిల్వ ఏది అని అడగడం నాకు చాలాసార్లు దారి చూపింది.

రెండో పని, గీతలు గీయడం. ఇది దాన్ని పెంచుతుంది, అది తిరిగి దీన్ని తాకుతుంది అని బాణాలు వేసుకుంటూ పోతే కొన్ని చోట్ల చక్రం మూసుకుంటుంది. చక్రాలు రెండు రకాలు. నిండిన చెరువు మత్తడి దూకినట్టు, మితిమీరినదాన్ని వెనక్కి లాగేది ఒకటి. వడ్డీ మీద వడ్డీలా పెంచుకుంటూ పోయేది రెండోది. మన బోర్ల కథలో ఈ రెండో రకం చక్రం ఒకటి కాదు, కనీసం మూడు తిరుగుతున్నాయి.

తెలంగాణ, రాయలసీమల్లో చాలా మేర నేల కింద గట్టి రాయి. నీరు నిలిచేది పైనున్న చివికిన రాతి పొరలో, రాతి పగుళ్లలో మాత్రమే. చెరువులో ఆగిన వాననీరు మెల్లగా ఇంకి కట్ట దిగువ బావుల్లో ఊరేది. చెరువు వేరు, బావి వేరు అని చూపుకు తోస్తుంది గానీ ఖాతా ఒకటే. బోరు వచ్చాక, డబ్బు పెట్టగల రైతుకు తూము దగ్గర వంతు కోసం నిలబడే అవసరం పోయింది. పూడిక తీసే రోజున అతను రాలేదు. కాలువ బాగు చేసుకునే రోజునా రాలేదు. ఊళ్లో మాట చెల్లేవాళ్లు తప్పుకున్నాక చెరువును పట్టించుకునేవాళ్లు తగ్గారు. పూడిక పెరిగింది, ఇంకే నీరు తగ్గింది, బోరు ఎండింది. దాంతో అతను మళ్లీ రిగ్గు పిలిపించి ఇంకా లోతుకు వేయించాడు. ఇది మొదటి చక్రం.

రెండోది పొరుగు పొలంతో. పక్క రైతు 300 అడుగులకు వెళితే నా బోరులో నీళ్లు తగ్గుతాయి, నేను 400కు వెళతాను. దిగినకొద్దీ రాయి బిగుసుకుంటుంది, పగుళ్లు తగ్గుతాయి. అప్పు మాత్రం లోతుతోపాటే పెరుగుతుంది. మూడోది కరెంటుది. వోల్టేజీ తక్కువైతే మోటారు వేడెక్కి కాలిపోతుంది. రైతు మరింత బలమైన మోటారు పెడతాడు, లైను మీద బరువు పెరిగి వోల్టేజీ ఇంకా పడిపోతుంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు కనుక ఆటో స్టార్టర్ పెట్టుకుంటాడు. వచ్చిన క్షణాన ఫీడరు కింది మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఒక్క రైతు కెపాసిటర్ బిగించుకుంటే అతనికి పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద అందరూ బిగించుకుంటేనే వోల్టేజీ నిలుస్తుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇవ్వబోతూ, ఆటో స్టార్టర్లు తీసేయండని ముందుగా రైతులను బతిమాలవలసి వచ్చింది. కరెంటు చాలని రోజుల కోసం పుట్టిన అలవాటు, కరెంటు పుష్కలమయ్యాక భూమిలోని నీళ్లన్నీ తోడేసే యంత్రమవుతుంది.

ఈ మూడు చక్రాల్లో ఏ రైతును వేలెత్తి చూపగలం? అతని కళ్లకు కనిపించినంత మేర ప్రతి అడుగూ సరైనదే. పైగా దెబ్బ ఆలస్యంగా తగులుతుంది. ఈ ఏడు ఎక్కువ తోడితే ఈ పంట ఎండకపోవచ్చు. వానలు మొహం చాటేసిన ఏటికి ఆ బాకీ వచ్చి పడుతుంది. అప్పుడు వానను తిట్టుకుంటాం.

మరి ఎక్కడ పట్టుకోవాలి? ఈ ప్రశ్నకు నాకు తెలిసిన చక్కటి జవాబు డొనెల్లా మెడోస్‌ది. 1972లో వచ్చిన ‘లిమిట్స్ టు గ్రోత్’ రచయితల్లో ఆమె ఒకరు. వ్యవస్థలో ఎక్కడ మీటితే కదులుతుందో 12 చోట్లను బలం ప్రకారం పేర్చింది. మనం రాత్రింబవళ్లు కొట్లాడుకునే అంకెలు, అంటే సబ్సిడీ ఎంత, పన్ను ఎంత, కోటా ఎంత అనేవి, ఆమె వరసలో అట్టడుగున ఉన్నాయి. సమాచారం ఎవరికి అందుతోంది, నియమాలు ఎవరి చేతిలో ఉన్నాయి, ఈ వ్యవస్థ అసలు దేనికోసం నడుస్తోంది అన్నవి పైన ఉన్నాయి. సమాచారం గురించి ఆమె ఒక కథ చెప్పింది. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర ఒకే తీరున కట్టిన ఇళ్ల వాడ. కొన్ని ఇళ్లలో కరెంటు మీటరు నేలమాళిగలో ఉంది, కొన్నింటిలో వచ్చేపోయేవాళ్లకు కనబడేలా ముందు హాల్లో ఉంది. హాల్లో మీటరున్న ఇళ్లలో వాడకం దాదాపు మూడో వంతు తక్కువ. ధర మారలేదు, ఎవరూ ఆంక్ష పెట్టలేదు.

అలాంటి మీటరును మన రైతులు పొలంలో పెట్టి చూశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 ప్రాంతంలో ఒక పథకం మొదలైంది, భూగర్భ జలాన్ని రైతులే నిర్వహించుకోవాలన్నది దాని ఉద్దేశం. మొదట నెదర్లాండ్స్ సాయం, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటు. అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, ఏడు కరువు జిల్లాలు. బోర్లు వేయొద్దని అక్కడ ఎవరూ అనలేదు. రైతులు, అందులో ఆడవాళ్లూ, వానమాపకం చూసి రోజూ రాసుకున్నారు. గుర్తుపెట్టిన బోర్లలో నీటిమట్టం కొలిచి, ఆ అంకెలను ఊరి గోడ మీద అందరికీ కనబడేలా రాశారు. రబీకి ముందు కూర్చుని, వానాకాలంలో భూమికి ఎంత చేరింది, ఈ పంటలన్నీ వేస్తే ఎంత కావాలి అని బడ్జెట్ వేశారు. ఆ తర్వాత ఏ పంట వేసుకుంటారన్నది ఎవరిష్టం వాళ్లది. చాలాచోట్ల వరి తగ్గింది, ఆరుతడి పంటలు పెరిగాయి.

పోరుమామిళ్ల శాసనం చెప్పిన అయిదో దోషాన్ని, కొంచెం నీటికి ఎక్కువ భూమి అన్నదాన్ని, ఆ రైతులు విత్తనం పడకముందే లెక్కగట్టి పట్టుకున్నారన్నమాట. రెండు రాజ్యాల పొలిమేర అన్న దోషానికీ వాళ్ల దగ్గర మందుంది. లెక్క ఊరికీ మండలానికీ కాక, ఒక వాగులోకి నీరు జారే ప్రాంతమంతటికీ కలిపి వేశారు. సర్కారు గీసిన పొలిమేరలతో నీటికి పనిలేదు మరి. ఈ పథకం గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పుట ఉండాలని నా కోరిక.

ఇదంతా నీళ్లకే చెల్లుతుందని అనుకోకండి. నేను పనిచేసిన ఒక పత్రికలో పేజీలు ఎప్పుడూ ఆలస్యమయ్యేవి. వాటిని సమకూర్చే పని నాది. అసలు గడువు శుక్రవారమైతే బుధవారమని చెప్పడం మొదలుపెట్టాను. రెండు సంచికలు బాగా నడిచాయి. తర్వాత అందరికీ అర్థమైపోయింది, నేను చెప్పే బుధవారానికి రెండు రోజులు కలుపుకోవచ్చని. నేను సోమవారం అన్నాను, వాళ్లు నాలుగు రోజులు కలుపుకున్నారు. నిజంగానే తొందరగా కావలసిన రోజున నా మాట ఎవరూ నమ్మలేదు. వాళ్లది బద్ధకమని చాలాకాలం కోపగించుకున్నాను. ఒకరోజు కాగితం మీద బాణాలు గీస్తే చక్రంలో నా చెయ్యే కనిపించింది. నేను పెట్టిన దొంగ గడువే వాళ్ల ఆలస్యాన్ని పెంచుతోంది, వాళ్ల ఆలస్యం నా దొంగతనాన్ని. అప్పుడు గోడకు ఒక బోర్డు పెట్టి, ప్రతి పేజీ ఎవరి దగ్గర ఎన్ని రోజులుగా ఉందో అసలు గడువుతో సహా రాశాం. ఆలస్యాలు పూర్తిగా పోలేదు, కానీ ఎక్కడ ఆగుతున్నాయో తెలిసింది. రచయితల దగ్గర కాదు, బొమ్మల కోసం ఎదురుచూసే దగ్గర ఆగుతున్నాయి.

బాణాల బొమ్మలో గీసేవాడు కూడా ఉండాలన్నది నాకు ఆ రోజు ఎక్కిన పాఠం. ఈ విద్య నేర్పే చాలా శిక్షణల్లో బాణాలు అందంగా గీయిస్తారు గానీ, ఈ ఒక్కటీ జారవిడుస్తారు. గీత ఎక్కడ ఆపాలో నిర్ణయించడం కూడా అంత తేలిక కాదు. బోరున్న రైతులు కూర్చుని నీటి బడ్జెట్ వేస్తే అందులో బోరు లేని కూలీకి వాటా ఉందా? చెరువులో చేపలు పట్టే ముదిరాజులు, బట్టలుతికే చాకలివాళ్లు, ఒండ్రు తీసుకునే కుమ్మరులు ఆ లెక్కలో ఎక్కడ? ఎంత బాగా గీసిన బొమ్మయినా, పక్కన కూర్చోని వాళ్లను వదిలేస్తుంది. వాళ్లను పిలిచి కూర్చోబెట్టి మళ్లీ గీయాలి.

2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలై, 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని లక్ష్యం పెట్టుకుంది. పూడిక మట్టిని రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు, అది చేనుకు బలం. ఎండిన చెరువులు మళ్లీ నిండటం చూసినవాళ్ల సంతోషం నాకూ ఉంది. కానీ పూడిక మళ్లీ చేరుతుంది. పూర్వం చెరువు కింద నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంతసేపు పారాలో అతని చేతిలో ఉండేది. నీరు తక్కువైన ఏడు ఆయకట్టులో ఎంత భూమి సాగు చేయాలో ఊరు కూర్చుని తేల్చుకునేది. కొండ కింది చెరువు మత్తడి దూకితే కింది ఊరి చెరువు నిండేది కాబట్టి, రెండు ఊళ్ల నీరటులూ మాట్లాడుకోక తప్పేది కాదు. పంట ఇంటికొచ్చాక కళ్లంలో అతని మేర గింజలు అతనికి కొలిచి ఇచ్చేవారు. ఇవాళ బాగుపడిన చెరువు కట్ట మీదికి వెళ్లి, తూము తాళం ఎవరి దగ్గర ఉందని అడిగి చూడండి. ఆ ఊరి చెరువు ఇంకెన్నేళ్లు నిలుస్తుందో ఆ జవాబును బట్టి చాలావరకు చెప్పవచ్చు.