నలభై, అరవై మధ్య

వచ్చే నెలతో నా పల్సర్‌కు పదిహేనేళ్లు నిండుతాయి. ఆర్‌సీ గడువూ దాంతోపాటే తీరిపోతుంది. ఫిట్‌నెస్ చూపించి మరో ఐదేళ్లకు పొడిగించుకునే వీలుంది గానీ, మీటరు మీద లక్షా నలభై వేల కిలోమీటర్లున్నాయి. బోరు ఒకసారి చేయించాను. క్లచ్ ప్లేట్లు మూడుసార్లు మార్పించాను. విశాఖపట్నం గాజువాకలో మా మెకానిక్ మొన్న ముందు చక్రాన్ని రెండు కాళ్ల మధ్య ఇరికించి, హ్యాండిల్ అటూ ఇటూ ఊపి చూసి, "ఇంజనుకి ఢోకా లేదు సార్, మిగతా బండే అలిసిపోయింది" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ మనసంతా తర్వాతి బండి మీదే ఉంది.

బండి కొనడం చాలామందికి ఒక పూట పని. నాకు అలా కుదరలేదు. రోజుకు రెండు గంటలు దాని మీదే గడుపుతాను. ఇంట్లో ఏ కుర్చీలోనూ అంతసేపు కూర్చోను. నాకు అది ఆఫీసుకు చేర్చే సాధనమూ, ఆదివారం పొద్దున నిద్రలేపే సంతోషమూ. ఈ రెండూ ఒకే బండిలో దొరకాలి. రెండో బండి పెట్టుకునే చోటు మా సెల్లార్‌లో లేదు, నా జీతంలోనూ లేదు.

"ఇన్నాళ్లకు కొంటున్నావు, మూడు వందల యాభై సీసీ బండి తీసుకో గురూ" అని ఆఫీసులో అందరూ ఒకటే మాట. నాకూ ఆశ లేకపోలేదు. కాలేజీ రోజుల్లో మా వీధి చివర ఒకాయన బుల్లెట్ స్టార్ట్ చేస్తే పుస్తకం మూసి కిటికీ దగ్గరికి వచ్చేవాణ్ని. ఆ చప్పుడు ఇప్పటికీ ఛాతీలో ఎక్కడో తగులుతుంది. కాబట్టి ముందు అటే నడిచాను.

అంతకంటే ముందు ఒక పని చేశాను. ఒక నెల రోజుల పాటు, ఇంటికి రాగానే, ఆ రోజు ఏ చోట ఎంత వేగంలో వెళ్లానో గుర్తున్నంతవరకు డైరీలో రాసుకున్నాను. కూర్మన్నపాలెంలో ఇంటి నుంచి సిరిపురంలో ఆఫీసు దాకా రానూ పోనూ 44 కిలోమీటర్లు. గాజువాకలో స్టీల్‌ప్లాంటు షిఫ్టు బస్సులు, షీలానగర్ దగ్గర పోర్టుకు పోయే కంటైనర్ లారీలు, ఎన్‌ఏడీ కొత్తరోడ్డులో అన్ని వైపుల నుంచీ వచ్చిపడే ఆటోలు. రోడ్డు ఖాళీగా ఉన్నచోట 55, లేనిచోట 20. అరవై దాటిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ నెలలోనే రెండు ఆదివారాలు అరకు వెళ్లాను. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట మీదుగా. ఎస్.కోటలో టీ తాగి, బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. టైడా, అనంతగిరి, గాలికొండ. మలుపు తర్వాత మలుపు. రెండో గేరులో మలుపు తిరగడం, మూడోకి వేసి కాస్త లాగడం, మళ్లీ రెండోకి దించడం. పొద్దున ఏడు గంటలకు అనంతగిరి కాఫీ తోటల దగ్గర మంచు రోడ్డు మీదికి దిగి ఉంటుంది, హెల్మెట్ అద్దం ఎత్తితే తడిమట్టి వాసన. నాకు బండి మీద అంతకు మించిన సుఖం తెలియదు. ఇంటికొచ్చి డైరీ రాస్తుంటే కనిపించింది: ఆ సుఖమంతా కూడా నలభై, అరవై మధ్యనే ఉంది. ఘాట్‌లో అంతకంటే వేగంగా వెళ్తే మలుపు అవతల దిగివచ్చే బస్సు ఎదురవుతుంది.

అంటే నా ఆఫీసు రోడ్డూ, నా ఆదివారపు రోడ్డూ ఒకే వేగంలో నడుస్తున్నాయి. నేను కొనాల్సింది ఆ వేగంలో ఆనందం ఇచ్చే బండి. నూట నలభైలో అది ఏం చేస్తుందో నాకు అనవసరం. ఈ ఒక్క లెక్క తేలాక మిగతావన్నీ వాటంతటవే తేలుతూ వచ్చాయి.

ఇక్కడ యమహా ఆర్‌ఎక్స్ 100 సంగతి చెప్పాలి. 1985 నుంచి 1996 దాకా వచ్చిన బండి, ఆగిపోయి మూడు దశాబ్దాలవుతోంది. అయినా ఇప్పటికీ బాగున్న బండి కనిపిస్తే జనం చుట్టూ మూగుతారు. అందరూ దాని పికప్ గురించి, సైలెన్సర్ చప్పుడు గురించి చెబుతారు. నేను దాని బరువు గురించి చెబుతాను. 98 సీసీ ఇంజను, 11 హార్స్‌పవర్, బండి బరువు 103 కిలోలు. ఒక్కో హార్స్‌పవర్ తొమ్మిది కిలోల పైచిలుకు మోస్తుంది. ఈనాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి 20 హార్స్‌పవర్, బరువు 195 కిలోలు. ఒక్కో హార్స్‌పవర్ మీద పడే బరువు దాదాపు అంతే. మనిషి ఎక్కాక లెక్క మారుతుందనుకోండి. కానీ చేతులకు తెలిసేది ఇంజను బలం ఒక్కటే కాదు. సందులో తిప్పేటప్పుడు, సిగ్నల్ దగ్గర ఒంటికాలి మీద ఆపుకునేటప్పుడు, గుంత తప్పించేటప్పుడు ఆ 92 కిలోల తేడా మన భుజాలే మోస్తాయి.

క్లాసిక్ నడిపి చూశాను. నిజం చెప్పాలంటే దిగబుద్ధి కాలేదు. మూడో గేరులో ముప్పైకి పడిపోయినా ఇంజను విసుక్కోదు, యాక్సిలరేటర్ కాస్త తిప్పితే మెత్తగా తోసుకుంటూ పోతుంది. ఆ టార్క్ గురించి చెప్పేదంతా నిజమే. కానీ మా అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి రోడ్డుకు నిటారైన ర్యాంపు. రోజూ పొద్దున పక్క కార్లకు తగలకుండా బండిని వెనక్కి తోసి, తిప్పి, ఎక్కించాలి. షోరూము వెనక అలాంటి వాలే ఉంటే, ఇంజను ఆపి వెనక్కి తోసి చూస్తానని అడిగాను. ఆ కుర్రాడు ఆశ్చర్యంగా చూసినా ఒప్పుకున్నాడు. రెండోసారికే నడుం పట్టింది. అదే కంపెనీ బండి హంటర్ 350 పద్నాలుగు కిలోలు తక్కువ, ఎత్తూ కాస్త తక్కువ. నా వయసు ముప్పై అయితే అదే తీసుకునేవాణ్ని.

ట్రయంఫ్ స్పీడ్ 400 కూడా నడిపాను. 40 హార్స్‌పవర్, బరువు క్లాసిక్ కంటే తక్కువ. అద్భుతమైన బండి, అందులో రెండో మాట లేదు. అయితే రెండో గేరులో యాక్సిలరేటర్ సగం తిప్పేసరికే నా రోడ్డు అయిపోయింది. మిగతా సగం వాడే రోడ్డు నాకు ఏడాదికి నాలుగుసార్లు దొరుకుతుందేమో. నెలకోసారి నేషనల్ హైవే మీద రాజమండ్రి దాకా, విజయవాడ దాకా వెళ్లే వాళ్లుంటే, వాళ్లకు ఇదో, ఏదైనా 350యో సరిపోతుంది. తొంభైలో గంటలకొద్దీ వణుకు లేకుండా వెళ్లడం చిన్న ఇంజన్లకు కష్టమే.

టెస్ట్ రైడ్ గురించి ఒక మాట. షోరూము ముందు ఖాళీ రోడ్డు మీద మూడు గేర్లు వేసి, యూటర్న్ తీసుకుని వచ్చేస్తే బండి గురించి ఏమీ తెలియదు. ఇంజను వేడెక్కాలి. వేడెక్కిన ఇంజనుతో సిగ్నల్ దగ్గర న్యూట్రల్ ఒక్కసారికే పడుతుందా, వెతుక్కోవాలా అన్నది చూడాలి. కొన్ని బండ్లు చల్లగా ఉన్నప్పుడు వెన్నలా పడి, అరగంట తర్వాత మొదటికీ రెండోకీ మధ్య మొరాయిస్తాయి. స్పీడ్‌బ్రేకర్ మీద రెండో గేరులో, క్లచ్ పట్టకుండా, వీలైనంత నెమ్మదిగా ఎక్కి దిగాలి. గుంజుకోకుండా వెళ్లిందంటే ట్రాఫిక్‌లో మీ ఎడమ చెయ్యి బతికినట్టే. హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఇరుకు రోడ్డులో కాలు కింద పెట్టకుండా తిరగగలరో లేదో చూడండి. కుడి పిక్కకు ఇంజను వేడి ఎంత తగులుతోందో చూడండి. మే నెలలో ఎన్‌ఏడీ దగ్గర ఆగి ఉన్నప్పుడు మైలేజీ కంటే ఆ వేడే ముందు గుర్తొస్తుంది.

బ్రేకుల దగ్గర మాత్రం నేను బేరం ఆడను. 2017 జులైలో, తొలి వానల్లో, షీలానగర్ దాటాక నా ముందు ఆటో చప్పున ఆగింది. లారీల నుంచి రాలిన బొగ్గుపొడి వానకు తడిసి రోడ్డంతా పేస్టులా ఉంది. భయంతో ముందు బ్రేకు గట్టిగా పట్టేశాను. చక్రం తిరగడం ఆగిపోయింది. తిరగని చక్రం పక్కకు జారకుండా నిలవలేదు. నేనూ బండీ చెరో వైపు. వెనక లారీ దూరంగా ఉండబట్టి మణికట్టు విరగడంతో సరిపోయింది. తప్పు పూర్తిగా నాదే, కానీ ఆ క్షణంలో చెయ్యి చేసేది మెదడు చెప్పి చేయించేది కాదు. ఏబీఎస్ ఉంటే చక్రం బిగుసుకోబోతున్న ప్రతిసారీ బ్రేకును వదిలి మళ్లీ పడుతుంది, సెకనులో ఎన్నోసార్లు. హ్యాండిల్ మన అదుపులోనే ఉంటుంది. 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, ఆ పరిమాణంలో అమ్ముడయ్యే అన్ని మోడళ్లకూ 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఏబీఎస్ తప్పనిసరి అయింది. కొన్ని బండ్లకు అది ముందు చక్రానికే ఉంటుంది. రెండు చక్రాలకూ ఉన్న రకం నాలుగైదు వేలు ఎక్కువైనా అదే తీసుకోవాలన్నది నా పట్టు.

విశాఖలో ఉండేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి, ఉప్పుగాలి. బీచ్ రోడ్డు పక్కన నాలుగేళ్లు నిలబెట్టిన బండి క్రోమ్ మీద సన్నగా ఎర్రచుక్కలు లేస్తాయి. స్పోక్‌ల మొదళ్లలో తుప్పు మొదలై, ఒకరోజు టప్‌మని తెగుతాయి. మెరిసే క్రోమ్, తీగల చక్రాలు కళ్లకు బాగుంటాయి గానీ మన ఊరికి అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లే మేలు. మేకు దిగినా గాలి మెల్లగా దిగుతుంది, పంచరు షాపు దాకా వెళ్లగలం. చైన్ సంగతీ అంతే. ఐదొందల కిలోమీటర్లకోసారి తుడిచి లూబ్ పూయకపోతే సముద్రగాలికి లింకులు బిగుసుకుంటాయి. నేను ఆదివారం సాయంత్రం పాత గుడ్డ, లూబ్ డబ్బా పట్టుకుని కూర్చుంటాను. వెనక చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పుతుంటే ఒక్కో లింకూ వేళ్ల కింద కదులుతుంది. బిగుసుకున్న లింకు కంటికి కనిపించదు, వేలికి తెలుస్తుంది. ఇలా పావుగంట కూర్చోవాలంటే డబుల్ స్టాండు ఉండాలి. ఈమధ్య చాలా బండ్లకు సైడు స్టాండు తప్ప ఇవ్వడం లేదు. కొనేముందు వంగి చూసుకోండి.

లెక్కలు క్లుప్తంగా చెబుతాను. నెలకు పాతిక రోజులు ఆఫీసు అంటే 1,100 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే బండికి, 35 ఇచ్చే బండికి తేడా నెలకు ఏడు లీటర్లు, అంటే ఏడు వందల పైమాటే. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అది దాటితే 40 శాతం. ఇష్టపడి పెద్ద బండి కొనేవాళ్లు కొంటారు గానీ, నా బోటి వాళ్లకు ఆ గీత ఒక గోడే.

ఇక అసలు తీర్పు మా ఆవిడది. వారానికి రెండు మూడుసార్లు ఆమె నా వెనక కూర్చుంటుంది, చీరలో, ఒక పక్కకు. ముందున్నవాడికి ఎంతో బాగున్న బండ్లు వెనకవాళ్లకు ఎంత శిక్షో ఆమె కూర్చుంటే తెలిసింది. పొట్టేలు కొమ్ముల్లాంటి హెడ్‌లైటుతో కుర్రాళ్లు ఇష్టపడే ఒక బండి మీద ఎక్కించాను. వెనక సీటు బెత్తెడు, అదీ ముందుకు వాలి ఉంది. "మీ మీద పడిపోతున్నానండీ, పట్టుకోడానికి కూడా ఏం లేదు" అంది. వెనక కూర్చునేవారికి చేతి పట్టు, కాలు పెట్టుకునే చోటు, చక్రం సగమైనా కప్పే అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతుంది. ఆ అడ్డునే మనం చీర గార్డు అంటాం. బండి అందం పాడవుతుందని దాన్ని తీయించేసుకునేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. కొంగు చక్రంలో చిక్కుకుంటే ఎంత ప్రమాదమో వాళ్లకు తెలియదనుకోను.

చివరికి మేం ఆగింది అపాచీ ఆర్‌టీఆర్ 160 4వీ దగ్గర. 17 పైచిలుకు హార్స్‌పవర్, 144 కిలోలు. నా పాత పల్సర్ బరువే. ర్యాంపు మీద తోశాను, నడుం పట్టలేదు. వేడెక్కాక న్యూట్రల్ పడింది. సాయంత్రం ఆరింటికి గాజువాక జంక్షన్‌లో తిప్పాను. మూడో గేరులో నలభై దగ్గర యాక్సిలరేటర్ తిప్పితే గొంతు మార్చుకుని లాగింది. ఆ లాగుడు టైడా దాటిన మలుపుల్లో ఎలా ఉంటుందో అప్పుడే కళ్లముందు కనిపించింది. మా ఆవిడ సీటంతా ఒకటేగా ఉందని ముందే ఒప్పుకుంది. ఎక్కి కూర్చుని, కాలు ఆనించి, పట్టు పట్టుకుని, రెండు స్పీడ్‌బ్రేకర్లు దాటాక, "పర్లేదు, ఎస్.కోట దాకా కూర్చోగలను. అక్కడ టీ తాగాక చూద్దాం" అంది.

అడ్వాన్సు కట్టాను. పాత పల్సర్‌ను ఎక్స్ఛేంజికి ఇవ్వడం లేదు, మా మెకానిక్ దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడికి ఇస్తున్నాను. మీరూ బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక్కరే వెళ్లకండి. మీ వెనక కూర్చునే మనిషిని వెంట తీసుకెళ్లండి, ట్రాఫిక్ ఉన్న వేళ చూసుకుని వెళ్లండి, సంతకం పెట్టేముందు వాళ్లను అడగండి.