మనేదపడే హక్కు ఎవరిది?

2019లో ఒకే ఏడాది తెలుగు తెర మీదికి నాలుగు క్రికెట్ కథలొచ్చాయి. ఏప్రిల్‌లో శివ నిర్వాణ 'మజిలీ', గౌతమ్ తిన్ననూరి 'జెర్సీ', జూలైలో భరత్ కమ్మ 'డియర్ కామ్రేడ్', ఆగస్టులో భీమనేని శ్రీనివాసరావు 'కౌసల్య కృష్ణమూర్తి'. చివరిదాన్ని పక్కన పెడదాం. అది రైతు ఇంటి అప్పుల కథ, ప్రేమకి అందులో పెద్ద చోటు లేదు. మిగతా మూడూ ఆటనీ, ప్రేమనీ, మనసుకి తగిలిన దెబ్బనీ ఒక్క ముడేసి చెప్పినవి. ఇంగ్లీషులో ఈ రకం కుర్రకారు నవలలు రాశులు పోసి అమ్ముతారు. మన దగ్గర ఆ నవల ఎదగలేదు. యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల'లో చదరంగం ఆటగాడున్నాడు, ప్రేమ ఉంది, జబ్బూ ఉంది. కానీ ఆ జబ్బు ఒంటిది, మనసుది కాదు. కాబట్టి ఉదయగిరి, ఆత్మకూరు వైపు మన పిలకాయలకి ఆ నవలైనా, నాటకమైనా ఈ సినిమాలే. సెల్లులో ముక్కలు ముక్కలుగా చూస్తారు, డైలాగులు అప్పజెప్తారు. సినిమా కదా అని తేలిగ్గా వదిలెయ్యటానికి లేదు.

మావైపు మనేద అని ఒక మాటుంది. లోపల్లోపల తినేసే దిగులు. ఈ కథల్లో మనేద ఎవరికి పడుతుంది, దేనికి పడుతుంది, దానికి మందేంది? నా ప్రశ్న ఇదే.

'మజిలీ'లో పూర్ణ ప్రేమించిన పిల్ల దూరమైంది. ఆట వదిలేశాడు, ఏళ్ల తరబడి తాగుతా కూర్చున్నాడు. దర్శకుడు అతని మీద జాలి పుట్టించాడు, ఒప్పుకోవాలి. ఈ సినిమా మా వాడలో నలుగురం కూర్చుని చూస్తుంటే, ఒకప్పటి మా ఫాస్ట్ బౌలర్ ఒక మాటన్నాడు. "వాడికి రైల్వే క్వార్టర్సుండాయి, నాయన ఉద్యోగముండాది, పెళ్లాం జీతముండాది. తాగినా పొయ్యి రాజుకుంటాది. మనం ఒక్క పూట దిగులుపడి పడుకుంటే ఆ పూట కూలి ఎవురిస్తార్రా?" ఈ సినిమా మీద నేను చదివిన ఏ సమీక్షలోనూ ఇంత మాట లేదు. 'జెర్సీ'లో అర్జున్ సంగతీ అదే. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుంటే భార్య సారా సంపాదనతో ఇల్లు నడుస్తుంది. మగాడి దిగులు గొప్పగా కనపడాలంటే వెనకాల ఒక ఆడమనిషి జీతం ఉండాలి. మన ఇళ్లల్లోనూ ఆడవాళ్లు పనికి పోతారు. కానీ ఆ కూలి తిండికే చాలదు, ఇంకొకరి మనేదని ఎక్కడ మోస్తుంది?

ఈ మాటన్న మనిషి కథ కొంచెం చెప్పాలి. మెట్ట ప్రాంతంలో ఎండాకాలం చేలు ఖాళీగా ఉంటాయి. అప్పుడే టోర్నమెంట్లు. ఊరి జట్టు మావాణ్ణి బండెక్కించుకుని వింజమూరు, కలిగిరి దాకా తీసుకుపోయేది. బౌలింగ్ వాడిది. బ్యాటు చివర్లో, వికెట్లు మిగలకపోతేనే. కెప్టెన్ ఎవరనేది అడిగే ప్రశ్నే కాదు. కప్పు గెలిస్తే ఫొటోలో వాడు అంచున ఉంటాడు, భోజనాలకాడ ఇంకా అంచున. అవన్నీ నవ్వి ఊరుకున్నాడు. ఊళ్లో ఒక పిల్లతో మాట్లాడాడని తెలిసిన రోజున అదే జట్టువాళ్లు కొట్టారు. దెబ్బలు పది రోజుల్లో మానాయి. నిద్ర మాత్రం పోయింది. గోడకేసి మాట్లాడేవాడు. గాలి సోకిందన్నారు. వాళ్లమ్మ ఏ.ఎస్.పేట దర్గాకి తీసుకుపోయి నెలల పాటు అక్కడే ఉంచింది. నెల్లూరు, కడప, ప్రకాశం జిల్లాల నుంచి అన్ని కులాలవాళ్లూ, మతాలవాళ్లూ మనసు చెదిరిన బిడ్డల్ని అక్కడికి తెచ్చుకుంటారు. మూఢనమ్మకం అని కొట్టిపారేసే ముందు, ఆ తల్లికి ఇంకే తలుపు తెరిచి ఉండిందో చెప్పాలి.

వాడి మనేద ఏ సినిమాలోనూ లేదు. ఎందుకంటే ఈ కథల్లో ప్రేమ మందు. మన వాడల్లో చాలాసార్లు ప్రేమ దగ్గరే జబ్బు మొదలవుతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో ప్రణయ్‌ని ఆసుపత్రి బయట, గర్భవతైన భార్య కళ్లముందే నరికారు. ఇది తెలిసిన కుర్రాడు 'ప్రేమించు, అన్నీ సర్దుకుంటాయి' అనే కథని ఎట్టా నమ్ముతాడు?

'డియర్ కామ్రేడ్' మిగతా రెంటికన్నా మెరుగైనది. లిల్లీ రాష్ట్రస్థాయి క్రికెటర్. సెలక్షన్ చేతిలో ఉన్నవాడు ఆమెని వేధిస్తాడు. ఆమె ఆట వదిలి, మాట వదిలి, ఆసుపత్రిలో మంచాన పడుతుంది. దెబ్బకి మూలం విరహం కాదు, అధికారం. తెలుగు సినిమాలో ఇది చిన్న విషయం కాదు. బాబీ ఆవేశపడి ఆ అధికారిని కొడితే, ఇది నీ యుద్ధం కాదని లిల్లీ ఎదురు తిరగటం నాకు నచ్చింది. కానీ దానికి ముందు జరిగిందేంది? ప్రేమికుడొచ్చి ఆమెని ఆసుపత్రి నుంచి తీసుకుపోతాడు. కొండలూ గాలీ ఆమెని బాగుచేస్తాయి. డాక్టరు అడ్డమైనట్టు, ప్రేమ అన్నీ తెలిసినట్టు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి ఇష్టానికి విలువిచ్చింది. వైద్యం అందించడంలో కులవివక్ష చూపకూడదని పేరు పెట్టి మరీ రాసింది. కులం మాట చట్టంలోకొచ్చింది, కథలోకి రాలేదు. బాబీ విద్యార్థి నాయకుడు, తాత కామ్రేడ్. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత ఆ మాటని మనం ఎన్ని ప్రశ్నలు అడిగామో ఈ సినిమాకి తెలిసినట్టు లేదు.

ప్రేమికుడే వైద్యుడు కావటం ప్రేమకథకి తప్పదు అనేవాళ్లుంటారు. ఇంగ్లండ్ రచయిత్రి ఆలిస్ ఓస్‌మన్ 'హార్ట్‌స్టాపర్' బొమ్మల నవలల్లో నిక్ రగ్బీ ఆడే కుర్రాడు. అతను ప్రేమించిన చార్లీ తిండి మానేసే జబ్బుతో కుంగిపోతాడు. నిక్ నేర్చుకునేది ఒకటే: నేనొక్కణ్ణే ఇతన్ని బాగుచెయ్యలేను. చార్లీ ఆసుపత్రిలో ఉండి వైద్యం చేయించుకుంటాడు. ప్రేమ తగ్గలేదు, కథా చెడలేదు. అయితే ఆ పిల్లలకి స్కూలుంది, ఆసుపత్రుంది, అర్థం చేసుకునే తల్లుంది. మనం తీసుకోవాల్సింది ఆ వినయం వరకే. మిగతాది మన నేల మీంచే రావాలి.

నేలంటే గుర్తొచ్చింది. మన ఆటగాళ్ల చరిత్ర కొత్తదేం కాదు. పల్వంకర్ బాలూ చమార్ కులంలో పుట్టి, 1911లో ఇంగ్లండ్ పర్యటనలో 100కి పైగా వికెట్లు తీశాడు. పూనాలో జట్టు వాళ్లకి పెవిలియన్ లోపల పింగాణీలో టీ, బాలూకి బయట మట్టి ముంతలో. హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకి చివరిదాకా దక్కలేదు, తమ్ముడు విఠల్‌కి 1923లో దక్కింది. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల హాకీ జట్టు సెమీఫైనల్లో ఓడితే, హరిద్వార్ దగ్గర వందన కటారియా ఇంటి ముందు టపాసులు కాల్చి, కులం పేరుతో తిట్టారు. అదే పోటీల్లో ఆమె దక్షిణాఫ్రికా మీద మూడు గోళ్లు కొట్టింది. ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టిందా? ఈ ప్రశ్నలోంచి ఒక నవల పుట్టాలి.

తమిళంలో అది మొదలైంది. ఎస్. జయకుమార్ 'బ్లూ స్టార్' (2024) అరక్కోణం దగ్గర కాలనీ జట్టు, ఊరి జట్టు మధ్య క్రికెట్. అందులో ప్రేమా ఉంది, అవమానమూ ఉంది, కుంగినవాణ్ణి జట్టే లేపుతుంది. మారి సెల్వరాజ్ 'బైసన్' (2025)లో కొడుకు కబడ్డీ ఆడతానంటే తండ్రికి ముందు భయం. ఆ భయం ఎన్ని తరాలదో చెప్పకుండానే తెలుస్తుంది. అరక్కోణం మనకేం దూరం కాదు, రేణిగుంట నుంచి రైలెక్కితే వచ్చే ఊరే.

తప్పు అవతలివాళ్లదే అని చేతులు దులుపుకుందామా? 'చిక్కనవుతున్న పాట' (1995) నుంచి మనం కోపాన్ని బాగా రాశాం. నిద్ర పట్టకపోవటాన్ని రాయలేదు. ఏడవటం, భయపడటం, డాక్టరు దగ్గరికి పోవటం ఉద్యమానికి తలవంపులనుకున్నాం. రోహిత్ వేముల 2016లో పోయాక దానిమీద ఎన్ని వ్యాసాలు రాశామో లెక్కలేదు. పదహారేళ్ల పిలకాయ చదువుకుని 'ఇది నా సంగతే' అనుకునే కథ ఒక్కటి చూపించమంటే వెతుక్కోవాలి. ఆటంటే కాలక్షేపం, ప్రేమంటే సినిమా సరుకు, మనేదంటే మధ్యతరగతి రోగం అని మనలోనూ పెద్దలు తీర్పిచ్చేశారు. ఈ మూడూ మన వాడలో ఒకే మనిషికి, ఒకే ఎండాకాలంలో జరిగాయి. నేను పక్కనే ఉన్నాను, నేనూ రాయలేదు.

మావాడు ఇప్పుడు బెంగుళూరులో మేస్త్రీ పని. పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చాడు. కాలనీ పిలకాయలు సొంత జట్టు కట్టుకున్నారు, ఒక ఓవరు వెయ్యన్నా అని బంతి చేతికిచ్చారు. కాసేపు కుట్టు మీద వేళ్లు పెట్టి చూశాడు. తర్వాత పక్కన నిలబడ్డ చిన్నోడికిచ్చి, ఎట్టా పట్టుకోవాలో చెప్తా కూర్చున్నాడు.