కూర్చోనివ్వని కుర్చీ

ఇళ్ల అలంకరణ మీద వచ్చే రంగుల పుస్తకాలు తిరగేస్తే ఒక బొమ్మ ఎక్కడో అక్కడ కనిపించి తీరుతుంది. తెల్లని గోడ, నున్నని సోఫా, పక్కన ఎర్రని పాతకాలపు చైనా బీరువా, దాని మీద ఒక కూజా. అంతే. బీరువా తలుపు తీసి ఉన్న బొమ్మ ఒక్కటీ నా కంటబడలేదు. లోపల చీరలున్నాయో, బొద్దింకలున్నాయో ఆ దేవుడికెరుక!

పాతదాన్ని మెచ్చుకోవడం మంచిదే. నా పేచీ అల్లా మెచ్చుకునే పద్ధతితోనే. ఆ సామాను చూపు కోసం పుట్టింది కాదు. చైనావాళ్లూ ఒకప్పుడు మనలాగే చాపల మీద కూర్చున్నవాళ్లే. సాంగ్ రాజుల కాలానికి (960–1279) కుర్చీలూ, ఎత్తు బల్లలూ బాగా వాడుకలోకి వచ్చాయి. తర్వాతి మింగ్ కాలపు (1368–1644) కుర్చీని చూడండి. వీపు ఆనించే పలక చాలావాటిలో వెన్నెముక వంపుకి తగినట్టే ఉంటుంది. ఒక కొయ్య కొసను ఇంకో కొయ్యకు తొలిచిన రంధ్రంలోకి దూర్చి బిగిస్తారు. మేకులతో పని బహు తక్కువ. బల్ల పైపలకను చట్రం గాడిలో కొంచెం వదులుగా కూర్చోబెడతారు. వానకి ఉబ్బినా, ఎండకి ముడుచుకున్నా పగలకూడదని. ఇంత ఆలోచించినవాడు దాన్ని దూరంగా నిలబెట్టి చూడ్డానికే చేశాడంటారా?

తాకకుండా చూడటం మ్యూజియానికి చెల్లుతుంది. 1951లో తెరిచిన హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా వస్తువులకు ఒక గ్యాలరీ ఉంది. అక్కడ చేతులు కట్టుకొని చూసివద్దాం. ఇల్లు మ్యూజియం కాదు గదా!

మన కరీంనగర్, ఆదిలాబాద్ ఇళ్లల్లోకి చైనా బీరువా రావడం అరుదే. ఆ బుద్ధి మాత్రం వచ్చేసింది. ఆదిలాబాద్ టేకుతో చేసిన అమ్మమ్మ సందూగ అటక మీదికి, ప్లైవుడ్ షోకేసు హాల్లోకి! ముచ్చటపడి నిర్మల్ బల్ల కొంటే, దాని మీద చాయ్ కప్పు పెట్టనివ్వం. నల్లని పూత మీద బంగారు వన్నె లతలుండే ఆ పని చైనా లక్కపనికి దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది. అయితే అక్కడి పాత పనిలో ఒక చెట్టు పాలను పూత మీద పూతగా వేసి ఆరబెట్టేవారు. ఇక్కడ ఇప్పుడు డ్యూకో రంగులు వాడుతున్నారు. వేడి గిన్నె పెడితే మచ్చ పడుతుందని భయమా? కింద చిన్న చాప ముక్క వేస్తే సరి. బల్లకి చెర ఎందుకు?

వాడితేనే వదులైన కీలు తెలుస్తుంది. కీలు వదులైతేనే వడ్లాయన ఇంటికొస్తాడు. ఆయన వస్తూ పోతూ ఉంటేనే ఆ విద్య బతుకుతుంది. అటక మీద సామానుతో పాటు ఆ చేతిపని కూడా అటకెక్కుతోందని మనం గమనించం.

కాబట్టి సందూగను దించండి. కూలర్ గాలికీ, కిటికీ ఎండకీ ఎదురుగా మాత్రం పెట్టకండి. లోపల దుప్పట్లు సర్దండి, పైన పిల్లల్ని కూర్చోనివ్వండి. గీతలు పడతాయి. పడనివ్వండి! పాత చైనా కుర్చీ చేతుల మీద చూసి మురిసిపోతామే, ఆ మెరుగులో సగం తరతరాల మనుషుల చేతులు తగిలి వచ్చిందే.