అడుగుకెంత?

ఆళ్లగడ్డలో శిల్పశాల ముందు జీపు దిగిన ఊరి పెద్దలు మొదట అడిగే మాట ఒకటే: "అడుగుకెంత సామీ?" బేతంచెర్ల బండలు అడుగుల లెక్కన కొన్న అలవాటు మనది. ఇంట్లో పరిచే బండను కొన్నట్టే దేవుణ్ణీ కొనొచ్చనుకుంటాం. శిల్పి ధర చెప్పడు. చేతిలో ఉలి కింద పెట్టి, "ఏ దేవుడు?" అంటాడు.

బేరం తప్పించుకోడానికి అన్న మాట కాదది, దాని వెనక లెక్కుంది. శిల్పశాస్త్రంలో కొలతకు మూలం తాళం. ముఖం పొడవు ఒక తాళం, తాళానికి 12 అంగుళాలు. నవతాళంలో చెక్కే మూర్తి ఎత్తు తొమ్మిది తాళాలు, అంటే 108 అంగుళాలు. ఈ అంగుళం టేపు మీద కనిపించేది కాదు, విగ్రహం ఎత్తును బట్టి సాగుతుంది, కుంచించుకుపోతుంది. మూడడుగుల విగ్రహం కావాలంటే టేపు మీది 36 అంగుళాలను 108 భాగాలు చేయాలి. అప్పుడు శిల్పి అంగుళం మన అంగుళంలో మూడో వంతు, ముఖం నాలుగంగుళాలు. అదే వినాయకుడైతే పంచతాళం. మూడడుగుల వినాయకుడికి ముఖమే ఏడంగుళాల పైచిలుకు. ఆ ముఖానికి తగ్గ చెవులు, తొండం, బొజ్జ రావాలంటే రాయి వెడల్పుండాలి, మందముండాలి. వేణుగోపాలస్వామికి అంత రాయి పట్టదు కానీ రోజులు పడతాయి. పిల్లనగ్రోవికీ పెదవికీ నడుమ సందు, అడ్డంగా వేసిన పాదం కింద సందు, వేళ్ల నడుమ సందు, ఇవన్నీ రాయి తీసేసి తేవలసినవి. ఎత్తు ఒకటే అయిన ముగ్గురు దేవుళ్లకు మూడు ధరలు పలకడం అందుకే.

వ్యాపారం గురించి మాట్లాడేవాళ్లు ధర నిర్ణయం అని పెద్ద పాఠం చెప్తుంటారు. ఆళ్లగడ్డలో ఆ పాఠం రెండు మాటల్లో ముగుస్తుంది. కొనేవాడు చూసేది ఎత్తు, శిల్పి లెక్కగట్టేది రోజులు. ఆ రెంటికీ పొత్తు కుదిర్చే ఓపిక ఉన్నవాడే ఇక్కడ నిలబడతాడు.

ఊరు ఉన్న చోటు చూడండి. నంద్యాల నుంచి కడప వైపు పోయే 40వ నెంబరు జాతీయ రహదారి మీద, నంద్యాలకు నలభై కిలోమీటర్ల చిల్లరలో ఉంది. ఒకప్పుడు కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లా. నంద్యాల పేరులోనే నంది ఉన్నాడు, చుట్టుపక్కల తొమ్మిది నందుల గుళ్లున్నాయి. యాగంటి బసవన్న ఏటేటా పెరుగుతున్నాడని జనం నమ్మకం. ఆళ్లగడ్డ నుంచి కొండల వైపు మళ్లితే అహోబిలం, అక్కడ తొమ్మిది నరసింహ క్షేత్రాలు. రాతి మూర్తిని చూసి చేతులు జోడించే జనం నిత్యం తిరిగే దారి ఇది. కొట్టు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ఇక్కడి విశ్వబ్రాహ్మణ కుటుంబాలకు రాలేదు, దారే తెచ్చి వాకిట్లో పెట్టింది. కాలజ్ఞానం చెప్పిన వీరబ్రహ్మేంద్రస్వామి నడిచిన బనగానపల్లె కూడా ఈ జిల్లాలోదే. ఉలి పట్టేవాళ్లకు ఆయన దేవుడూ, పెద్ద దిక్కూ.

ఇక పనితనం. రాయి రాగానే సుత్తితో తట్టి వింటారు. గంటలా మోగితే పుంశిల, తాళాలు కొట్టినట్టు మోగితే స్త్రీశిల, మోగకపోతే నపుంసకశిల అని శాస్త్రం. మొదటిది దేవుళ్లకు, రెండోది అమ్మవార్లకూ పీఠాలకూ, మూడోది పునాదికి. ఈ విభజన నమ్మినా నమ్మకపోయినా చెవి చేసే పని మాత్రం నిజం. లోపల కంటికి కనపడని చీలిక ఉంటే శబ్దం మొద్దుబారుతుంది. నెల రోజులు చెక్కాక చీలిక బయటపడితే పోయేది రాయి ఒక్కటే కాదు, నెల కూలి కూడా. ముడిసరుకు పరీక్షకు ఇంతకన్నా చవకైన పనిముట్టు నేనెక్కడా చూడలేదు.

తర్వాత రాయిని చదరం చేసి, నిలువు మధ్యగీత కొట్టి, దానికి అటూ ఇటూ తాళాల గీతలు వేస్తారు. ముతక పనిలో పెచ్చులు లేస్తాయి. మోకాలు ఇక్కడ, నడుము ఇక్కడ, భుజం ఇక్కడ అని మూర్తి గుట్టగా తేలుతుంది. నాకు ఎక్కువ ముచ్చట వేసేది దీని తర్వాతి దశ. ఒంటికీ చేతికీ నడుమ కొంత రాయిని కావాలనే ఉంచేస్తారు. దెబ్బ దెబ్బకూ అదిరే సన్నటి చేయి విరగకుండా ఆ వంతెన కాపాడుతుంది. నగలు, పట్టుబట్ట మడతలు, మకరతోరణంలో తీగలు అన్నీ అయ్యాక దాన్ని తీస్తారు. తొందరపడి ముందే తీసిన కుర్రవాడికి ఆ తప్పు జన్మలో మరుపు రాదు. చిట్టచివర కళ్లు. కనుపాపల గీత పడేదాకా అది రాయే. నునుపు పట్టి, నూనె రుద్దితే నల్లరాయి నిగనిగలాడుతుంది.

ఈ సరుకులో సెకండ్స్ ఉండవు. ముక్కు చెదిరిన విగ్రహం ఖండితం, పూజకు పనికిరాదు, సగం ధరకిచ్చినా గుళ్లో పెట్టరు. వాయిదాలూ ఉండవు. ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టి, పత్రికలు పంచి, అన్నదానానికి బియ్యం తెచ్చుకున్న ఊరికి "ఇంకో వారం ఆగండి" అని చెప్పలేరు. ఇంత గట్టి షరతుల మీద సరుకిచ్చే వ్యాపారాలు ఎన్ని ఉంటాయో మీరే లెక్కేసుకోండి.

కొనేవాళ్లలో పెద్దగుడి ధర్మకర్తలుంటారు. పిల్లల కోసం మొక్కుకుని, రావిచెట్టు కింద పెట్టడానికి అడుగు నాగప్రతిమ కొనే దంపతులుంటారు. పొలిమేర అమ్మవారికీ, నడివీధి బొడ్రాయికీ వచ్చేవాళ్లుంటారు. దళితవాడ నుంచి చందాలు పోగేసుకుని అంబేడ్కర్ విగ్రహానికి వస్తారు. అంబేడ్కర్‌ను రాతిలో చెక్కడం తేలికేం కాదు. చాచిన చేయి, పైకెత్తిన వేలు రాతికి గండం. గుండెకు ఆనించి పట్టుకున్న పుస్తకం అయితే నిలుస్తుంది. కళ్లద్దాలు వేరే పరీక్ష. దేవుడి ముఖానికి శాస్త్రం కొలత ఇస్తుంది, మనిషి ముఖానికి ఫొటో ఒక్కటే ఆధారం. అందరినీ కలుపుకుపోయే వ్యాపారమని ఇవాళ సభల్లో వింటున్నాం. చందా డబ్బు ఒక్కసారిగా రాదని, కె.సి. కాలువ కింద కోతలయ్యాక వస్తుందని తెలిసి ఆగగలగడం నా లెక్కలో ఆ మాటకు అసలైన అర్థం.

ఇలాంటి పనిలోకి, లేదా దీన్ని అమ్మే పనిలోకి, కొత్తగా దిగే పిల్లలు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. ఆళ్లగడ్డ రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు ఊరి పనితనానిది. దాన్ని తన సరుకు మీద వేసుకోవాలంటే ఒక్కొక్కరూ అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. రాతి దేవతా విగ్రహాలకు 2018 జులై నుంచి జీఎస్టీ లేదు. నాయకుడి విగ్రహానికి ఆ మినహాయింపు వర్తించదు, అభిమానులు ఎంత మొక్కినా సరే. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో శిల్పులూ ఉన్నారు. తాకట్టు లేకుండా 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాకా అప్పు, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తారు. ఆ పనిముట్ల జాబితాలో ముందు మాస్కు కొనండి. కటింగ్ బ్లేడు వచ్చాక పని వేగం పెరిగింది, రాతిపొడి కూడా పెరిగింది. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. కంప్యూటర్ మిషన్లు కూడా చెక్కుతాయి, బాగానే చెక్కుతాయి. గుంటూరు పక్క నుంచో రాయలసీమ మూల నుంచో వచ్చిన పెద్దమనిషి మాట విని, "మీ ఊరి అమ్మవారి ముఖం ఎలా ఉండేది?" అని అడగడం వాటికి రాదు.

కొనడానికి పోయేవాళ్లకు ఒక మాట. ఘనపుటడుగు నల్లరాయి 80 కిలోలకు తగ్గదు, కాబట్టి మోసే మనుషుల్ని, బండిని ముందే మాట్లాడుకోండి. గర్భగుడి వాకిలి వెడల్పు కూడా కొలుచుకుని పోండి, పీఠం లెక్క కలుపుకుని.