పార్టీలు లేని నగరంలో ఓటు: ఉమ్ అల్ కువైన్ లెక్కలు చెప్పేదేమిటి?

ఎన్నికల విశ్లేషణకు ముడిసరుకు పార్టీలు. ఏ పేట ఏ జెండా వైపు మొగ్గింది, కిందటిసారితో పోలిస్తే ఎంత శాతం ఓటు చేజారింది అన్న ప్రశ్నల చుట్టూనే ఆ విద్య తిరుగుతుంది. పార్టీలే లేనిచోట ఓటరు మొగ్గును దేనితో కొలవాలి? యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని ఏడింటిలో ఒకటైన ఉమ్ అల్ కువైన్ ఈ ప్రశ్నను సూటిగా మన ముందుంచుతుంది. షార్జా, అజ్మాన్‌లు దాటి రస్ అల్ ఖైమాకు వెళ్ళే తీరంలో, ఒకప్పుడు చేపల వేట, ముత్యాల సేకరణ మీద బతికిన చిన్న నగరమది.

ఆ దేశపు ఫెడరల్ నేషనల్ కౌన్సిల్‌లో స్థానాలు 40. అబుదాబీ, దుబాయ్‌లకు ఎనిమిదేసి, షార్జా, రస్ అల్ ఖైమాలకు ఆరేసి, మిగిలిన మూడింటికి నాలుగేసి. ఇది సలహా సభ. శాసనాలను పరిశీలించగలదే కాని ప్రభుత్వాన్ని దించలేదు. 2006 వరకూ సభ్యులందరినీ పాలకులే నియమించేవారు. ఆ ఏడాది నుంచి సగం మందిని ఓటర్లు ఎన్నుకుంటున్నారు. అయితే ఆ ఓటర్ల జాబితాను తయారు చేసేదీ ఆయా ఎమిరేట్ల పాలకుల కార్యాలయాలే. పౌరుడై ఉన్నంత మాత్రాన ఓటు రాదు, జాబితాలో పేరుండాలి.

2011 ఎన్నికలలో దేశమంతటా ఓటర్లు 1,29,274 మంది. పోలింగు సుమారు 28 శాతం. అబుదాబీలో అది 21 శాతం దగ్గర ఆగిపోగా, ఉమ్ అల్ కువైన్‌లో 55 శాతానికి చేరింది. ఆ ఏడాది దేశం మొత్తం మీద గెలిచిన ఏకైక మహిళ షేఖా ఈసా అల్ అరీ కూడా ఈ నగరం నుంచే వచ్చారు. ఈ రెండు విషయాలను రెండు విధాలుగా వ్యాఖ్యానించడం కద్దు. చిన్న నగరంలో రాజకీయ చైతన్యం ఎక్కువన్నది ఒకటి. తెగల కట్టుబాటే జనాన్ని పోలింగు కేంద్రానికి నడిపించిందన్నది రెండవది.

రెండూ తొందరపాటు తీర్పులే. ఉమ్ అల్ కువైన్ జాబితాలో ఉన్నది 3,285 మంది; ఎన్నుకోవలసింది ఇద్దరిని. అంటే సుమారు 1,640 మంది ఓటర్లకు ఒక స్థానం. అబుదాబీలో 47,444 మందికి నలుగురు, అనగా దాదాపు 11,860 మందికి ఒకరు. ఒక్కొక్క ఓటు బరువులో ఏడు రెట్ల తేడా! అభ్యర్థి ముఖపరిచయం ఉన్నచోట, తన ఓటు లెక్కకు వస్తుందని తెలిసినచోట, జనం కదలడానికి ప్రత్యేక చైతన్యం అక్కరలేదు. ఇక తెగల వాదం. బంధుత్వం పనిచేయదని ఎవరూ అనరు. కాని మారనిది మారినదానికి కారణం కాజాలదు. దేశంలో పోలింగు 2006లో 74 శాతం, 2011లో 28, 2015లో, 2019లో 35, 2023లో 44. ఈ ఎగుడుదిగుళ్ళ మధ్య తెగలు మారలేదు. మారినవి నిబంధనలు. మొదటిసారి ఏడు వేల లోపున్న జాబితా 2023 నాటికి నాలుగు లక్షలకు చేరువైంది. 2019లో సభలో సగం స్థానాలు స్త్రీలకు దక్కాలన్న నియమం వచ్చింది. 2023లో ఇంటి నుంచే ఓటు వేసే వీలు కలిగింది.

తెలుగు పాఠకునికి ఈ పొరపాటు కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ ఫలితాలను కులాల కూడికలతో తేల్చేయడం మనకు అలవాటు. 2019లో 175కు 151 స్థానాలు గెలిచిన పార్టీ 2024లో 11కు పడిపోయింది. ఆ అయిదేళ్ళలో ఏ నియోజకవర్గంలోనూ కులాల పొందిక తలకిందులు కాలేదు. కులం అబద్ధమని కాదు, అదొక్కటే చాలదని.

ఉమ్ అల్ కువైన్ వీధుల్లో నడిచే జనంలో అధిక సంఖ్యాకులు ప్రవాసులు. వారికి ఈ లెక్కలలో చోటే లేదు. అమెరికాలోని తెలుగువారు పౌరసత్వం పొంది అక్కడ ఓటరు కాగలరు. గల్ఫ్‌లో సామాన్యునికి ఆ దారి లేదు గనుక, ఎన్నేళ్ళున్నా వారు భారత పౌరులే. 2010 చట్ట సవరణ అటువంటి వారికి స్వస్థలంలో ఓటరుగా నమోదయ్యే హక్కునిచ్చింది. ఓటు మాత్రం స్వయంగా వచ్చి వేయాలి. 2024 లోక్‌సభ ఎన్నికలకు నమోదైన ప్రవాస ఓటర్లు 1,19,374 మంది. ఓటు వేసినవారు 2,958. వారిలో 2,670 మంది కేరళవారు. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన 7,927 మందిలో వచ్చినవారు 195.

ఈ రెండున్నర శాతాన్ని చూసి ప్రవాసాంధ్రులకు రాజకీయాలు పట్టవని ఎవరైనా అంటే నవ్వుతాము. సెలవు దొరకాలి, విమానం టిక్కెట్టు కొనాలి, పోలింగు నాటికి ఊరు చేరాలి. ఆ అంకె చెప్పేది ప్రయాణం ఖర్చునే కాని మనసులోని మొగ్గును కాదు. ఆ న్యాయాన్నే ఉమ్ అల్ కువైన్‌కూ వర్తింపజేయాలి. పోలింగు శాతం ముందుగా జాబితా గురించి, ఓటుపెట్టెకు ఉన్న దూరం గురించి చెబుతుంది. ఆ తరువాతనే ఓటరు గురించి. 2023లో ఎమిరాతీ పౌరుడు ఇంట్లో కూర్చుని ఓటు వేశాడు. మరుసటి ఏడు అతని పక్కింటి తెలుగువాడు అదే పనికి సముద్రం దాటవలసి వచ్చింది.