మొదటి సఫ్‌లో మనిషి

ముప్పై ఏళ్లపాటు మసీదులో మొదటి సఫ్‌లోనే, ఇమాము వెనకే, నమాజు చదివిన ఒక మనిషి సంగతి ఇమాం గజాలీ తన ‘ఇహ్యా ఉలూముద్దీన్’లో రాశాడు. ఒకరోజు ఏదో అడ్డంకి వచ్చి ఆలస్యమైంది, రెండో సఫ్‌లో నిలబడ్డాడు. నలుగురూ తనను అక్కడ చూస్తున్నారనేసరికి సిగ్గు ముంచుకొచ్చింది. ఆ సిగ్గు ఎందుకొచ్చిందా అని తన్ను తానే నిలదీసుకున్నాడు. దేవుడి కోసం వచ్చినవాడికి ఏ వరుసైతే ఏం? అంటే ఇన్నాళ్లూ మొదటి వరుసలో తనకు కలిగిన సంతోషంలో జనం కళ్లకూ వాటా ఉందన్నమాట. ఆ సంగతి తనకే తెలియలేదు. ముప్పై ఏళ్ల నమాజులూ తిరిగి చదువుకున్నాడట.

ఈ కథలో ఫిర్యాదుదారు లేడు. వజూలో లోపం లేదు, ఖిబ్లా తప్పలేదు, రకాతుల లెక్క తప్పలేదు. ఏ ముఫ్తీని అడిగినా ఆ నమాజులు చెల్లాయనే అనేవాడేమో. తప్పు పట్టుకున్నదీ శిక్ష వేసుకున్నదీ ఆయనే.

భక్తిలో డాంబికం మాట వస్తే మనకు వేమన గుర్తొస్తాడు. వేమన గురి ఎక్కువగా ఎదుటివాడి మీద. ఇస్లాంలో డాంబికాన్ని పట్టుకునే విద్య పెరిగిన తీరు వేరు. ఫలానావాడిది దిఖావా, అంటే పైకి చూపడం, అని పక్కవాడి మీద ముద్ర వేసే హక్కు ఇక్కడ ఎవరికీ ఇవ్వలేదు. ప్రవక్త కాలంలో మదీనాలో దానం చేయమని పిలుపు వచ్చినప్పుడు ఒకరు చాలా సొమ్ము తెచ్చారు. పేరు కోసం తెచ్చాడని కపటులు ఈసడించారు. ఇంకొకాయన మూటలు మోసి సంపాదించిన కాసిని ఖర్జూరాలు తెచ్చాడు. వీడి ఖర్జూరాలతో దేవుడికేం పని అన్నారు. ఎక్కువ తెచ్చినా తక్కువ తెచ్చినా మాట పడక తప్పలేదు. ఖురాన్ తొమ్మిదో సూరా 79వ ఆయతు ఆ ఎత్తిపొడిచినవాళ్లనే గద్దించింది. అందుకే రియా, అంటే ప్రదర్శనాబుద్ధి, అనే రోగానికి ఇక్కడ రోగీ తానే, వైద్యుడూ తానే.

సంప్రదాయం ఈ విషయానికి ఎంత పెద్దపీట వేసిందో చెప్పడానికి ఒక్క ఆనవాలు చాలు. 870లో కన్నుమూసిన ఇమాం బుఖారీ తన హదీసు సంకలనాన్ని, నాలుగు శతాబ్దాల తర్వాత నవవీ తన నలభై హదీసుల చిన్న పుస్తకాన్ని, ఇద్దరూ ఒకే హదీసుతో మొదలుపెట్టారు. పనుల విలువ వాటి వెనక ఉన్న సంకల్పాన్ని బట్టే అని దాని సారం. ఉదాహరణ అందులోనే ఉంది. మక్కా నుంచి మదీనాకు ఒకడు దేవుడి కోసం, ప్రవక్త కోసం వలస వెళతాడు. ఇంకొకడు లాభం కోసమో, పెళ్లాడదలచిన స్త్రీ కోసమో వెళతాడు. దారి అదే, ఎండా అదే, దాహమూ అదే. ఎవరికి కావలసింది వాళ్లకు దక్కుతుంది, అంతే.

ఫిఖ్హ్ (ధర్మశాస్త్రం) పండితులు ఈ సంకల్పం, అంటే నియ్యత్, గురించి చెప్పేది తేలిక. ఇది మధ్యాహ్నపు జొహరా సాయంత్రపు అసరా, విధిగా చేయాల్సిన ఫర్జా ఐచ్ఛికమైన నఫిలా అని మనసులో తెలిసి ఉండాలి. మన ప్రాంతపు హనఫీ ఇళ్లలో పిల్లలకు ఆ నియ్యత్‌ను ఉర్దూ వాక్యంగా వల్లె వేయిస్తారు. నియ్యత్ చోటు హృదయమే గనక నోటితో చెప్పనక్కరలేదని, ప్రవక్త అలా చెప్పిన దాఖలా లేదని అభ్యంతరపెట్టే పండితులూ ఉన్నారు. ఏది ఏమైనా ఫిఖ్హ్ అక్కడితో ఆగిపోతుంది. ఏ నమాజు అన్నది తేలింది. ఎవరి కోసం అన్నది మిగిలిపోయింది. ఇఖ్లాస్, అంటే చిత్తశుద్ధి, అనే శాస్త్రం మొదలయ్యేది అక్కడే.

ఆ ప్రశ్న ఎంత తీవ్రమైందో చెప్పే హదీసు ‘సహీ ముస్లిం’లో ఉంది, అబూ హురైరా చెప్పినది. తీర్పు రోజున ముందుగా విచారణకు వచ్చేది ముగ్గురు: యుద్ధంలో ప్రాణమిచ్చినవాడు, విద్య నేర్చి నేర్పి ఖురాన్ పారాయణం చేసినవాడు, ఆస్తి దానాలకు ఖర్చు పెట్టినవాడు. ముగ్గురికీ ఒకటే జవాబు. వీరుడనిపించుకోవాలనుకున్నావు, పండితుడనిపించుకోవాలనుకున్నావు, దాత అనిపించుకోవాలనుకున్నావు. అనిపించుకున్నావు కదా, నీ కూలి నీకు ముట్టింది. నరకానికి ముందుగా పోయేది దొంగలూ తాగుబోతులూ అని ఎదురుచూసే వినేవాడికి ఇది చెంపపెట్టే. సమాజం నెత్తిన పెట్టుకునే ముగ్గురినీ వరసగా నిలబెట్టింది.

ఈ రోగాన్ని పొరలు పొరలుగా విప్పిచూసిన తొలి వైద్యుడు బస్రాలో పుట్టి బగ్దాదులో బతికిన హారిస్ అల్‌ముహాసిబీ, 857లో కన్నుమూశాడు. ఆత్మపరీక్షకు అరబ్బీలో ముహాసబా అంటారు. ఆయనకు ఆ పేరు వచ్చిందే దాన్నుంచి. ఆయన పుస్తకాలు చదువుకున్న గజాలీ ఆ పని మరింత ముందుకు తీసుకెళ్లాడు. మనిషి తన భక్తిని ఎక్కడెక్కడ ప్రదర్శనకు పెడతాడో ‘ఇహ్యా’లో పట్టీ వేశాడు. ఒంట్లో: ఉపవాసం తెలిసేలా ఎండిన పెదవులు, రాత్రి జాగారం తెలిసేలా లోతుకుపోయిన కళ్లు. వేషంలో: మాసికల బట్ట, నుదుటి మీద చెరగనివ్వని సజ్దా మచ్చ. మాటలో: జనం మధ్య కదిలే పెదవులు. చేతలో: ఎవరో వచ్చిన అలికిడికి పొడుగయ్యే సజ్దా. చివరికి పరిచయాల్లో: నేను ఎందరు షేకుల దగ్గర కూర్చున్నానో తెలుసా అనడం.

అందులో ఒక బొమ్మ నాకు మహా ఇష్టం. విరాగి వేషం వేసినవాడికి ఒక చిక్కు వచ్చిపడుతుంది. మంచి బట్ట కడితే తోటి విరాగులు లోకంలో పడ్డాడంటారు, మురికి బట్ట కడితే అమీర్ల దర్బారులో గౌరవం ఉండదు. అప్పుడేం చేస్తాడు? సన్నని ఖరీదైన ఉన్ని, చక్కని రంగు వేసిన మాసికలు వెతికి కొంటాడు. ఖరీదు ధనవంతుడి బట్టంత, రూపం ఫకీరుది. ఇది రాసినవాడు దర్బార్లను దగ్గర్నుంచి చూసినవాడని ఇట్టే తెలిసిపోతుంది.

ఇంతకంటే లోతైన పొర ఇంకొకటుంది. ఒకడు తన ఆరాధన ఎవరికీ చెప్పడు, నిజంగానే దాచుకుంటాడు. కానీ దారిలో జనం ముందుగా సలాం చెప్పాలని, సభలో జరిగి చోటివ్వాలని, బజారులో ధర తగ్గించాలని లోలోపల ఆశ. ఎవడైనా అలా చేయకపోతే మనసు చివుక్కుమంటుంది. ఎవరికీ తెలియని ఆ నమాజుకు బాకీ వసూలు చేస్తున్నట్టు! చీమ నడకకన్నా సన్ననిది ఈ రియా అంటాడు గజాలీ.

ఇదంతా ఎదుటివాళ్లను చూసి మాత్రమే రాసింది కాదు. 1091లో ఆయన బగ్దాదు నిజామియా మద్రసాలో అధ్యాపకుడయ్యాడు, ఆ కాలపు అగ్రశ్రేణి విద్యాపీఠాల్లో అది ఒకటి. నాలుగేళ్లు తిరగకుండానే తను పాఠం చెప్పేది దేవుడి కోసం కాదని, పేరూ పదవీ కోసమని అనుమానం పట్టుకుంది. నెలల తరబడి వెళ్లిపోదామా ఉందామా అని ఊగిసలాడాడు. 1095లో పాఠం చెప్పబోతే నోట మాట రాలేదు, ముద్ద దిగలేదు. వైద్యులు ఇది మనసు జబ్బన్నారు. మక్కా వెళుతున్నానని జనానికి చెప్పి, షామ్ (సిరియా) దేశం దారి పట్టాడు. ఈ సంగతులన్నీ తన ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నాడు.

మరి చికిత్స? మొదటి మందు, దాచడం. ఫర్జ్ నమాజు జమాతుతో, అందరి ముందు. నఫిల్ నమాజు ఇంట్లో మేలని ప్రవక్త చెప్పారు. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియనట్టు ఇచ్చినవాడు తీర్పు రోజున దైవ ఛాయలో ఉండే ఏడుగురిలో ఒకడు. ఈ దారిలో తొలితరాలవాళ్లు చూపిన చాతుర్యం కథలు కథలుగా మిగిలింది. బస్రాలో దావూద్ ఇబ్న్ అబీ హింద్ ఏళ్ల తరబడి ఉపవాసాలున్నా ఇంట్లోవాళ్లకు తెలియలేదట. పొద్దున ఇంటి నుంచి అన్నం మూట తీసుకెళ్లి దారిలో దానం చేసేవాడు, ఇంట్లోవాళ్లు దుకాణంలో తిన్నాడనుకునేవారు, సాయంత్రం వచ్చి వాళ్లతో కలిసి తినేవాడు. అయ్యూబ్ సఖ్తియానీకి హదీసు చెబుతుండగా కన్నీళ్లు వస్తే ముక్కు తుడుచుకుని, జలుబు ఎంత పట్టేసిందో అనేవాడట. మదీనాలో ప్రవక్త మునిమనవడు జైనుల్ ఆబిదీన్ చనిపోయాక స్నానం చేయించేవాళ్లు వీపు మీద నల్లని కాయలు చూశారు. రాత్రిళ్లు పిండి బస్తాలు మోసి పేదల గడపల్లో పెట్టి వచ్చేవారని అప్పుడు తెలిసింది. ఆయన పోయాక ఆ గడపలకు పిండి రావడం ఆగిపోయింది, ఇచ్చిందెవరో అప్పుడు గాని ఆ ఇళ్లకు తెలియలేదు.

అయితే దాచడమే మందు అనుకుంటే సగమే తెలిసినట్టు. ఒకప్పుడు దారిదోపిడీ చేసి తర్వాత మారిపోయిన ఫుజైల్ ఇబ్న్ ఇయాజ్ (మరణం 803) దీన్ని మెలిపెట్టి చెప్పాడు: జనం కోసం ఒక మంచి పని చేయడమే కాదు, జనానికి జడిసి మానుకోవడమూ రోగమే. రెండిట్లోనూ చూపు జనం వైపే ఉంది. 9వ శతాబ్దంలో నీషాపూరులో మలామతీలనే ఒక వర్గం దాచడాన్ని చివరికంటా తీసుకెళ్లింది. వాళ్ల పెద్దల్లో ఒకడైన హమ్దూన్ బట్టలు చలువ చేసేవాడు, అబూ హఫ్స్ కమ్మరి. సూఫీ అంగీలు వద్దు, బజారులో అందరిలా ఉండు, మంచిని బయటపెట్టకు, లోపాన్ని దాచకు. కొందరు ఇంకా ముందుకెళ్లి, జనం తిట్టేలా నడుచుకోవడమే సాధనగా పెట్టుకున్నారు. లాహోరులో సమాధి అయిన హుజ్వీరీ 11వ శతాబ్దంలో దాన్ని పట్టుకున్నాడు: మెప్పు కోరేవాడూ తిట్టు కోరేవాడూ ఇద్దరూ మనుషుల ధ్యాసలోనే ఉన్నారు కదా. నాకైతే హుజ్వీరీదే పైచేయి అనిపిస్తుంది.

మరి మంచి పని మానకుండా, మనసును తేల్చుకునేదెలా? గజాలీ చెప్పిన ఒక పరీక్ష చూడండి. ఒకడు ఎవరింటికో వెళ్లి రాత్రి ఉండిపోయాడు. ఆ ఇంటివాళ్లు రాత్రివేళ చదివే తహజ్జుద్ నమాజుకు లేచారు. మామూలుగా లేవని ఈ అతిథి కూడా లేచి నమాజులో నిలబడాలనుకున్నాడు. ఇది రియా అని వెంటనే అనేయకూడదు. తన ఇంట్లో మెత్తని పడక, భార్యాపిల్లలు, నిద్ర. ఇక్కడ కొత్త చోటు, నిద్ర పట్టదు, పైగా నలుగురిని చూసి ఉత్సాహం. అడ్డంకులు తొలగి మంచి బుద్ధి పుట్టి ఉండొచ్చు. అటువంటప్పుడు షైతాన్ చెవిలో, ఇంట్లో చేయనివాడివి ఇక్కడ చేస్తే దిఖావా అవుతుంది, పడుకో, అంటాడు. ఆ మాట వినకూడదు. కాబట్టి ఇలా ఊహించుకోవాలి: తను వాళ్లకు కనిపించని తెర వెనక ఉన్నాడు, వాళ్లు మాత్రం తనకు కనిపిస్తున్నారు. అప్పుడూ లేవాలనిపిస్తుందా? అనిపిస్తే లేచి నమాజు చదవాలి. తెర పడగానే బద్ధకం వేస్తే, ఆ ఉత్సాహం ఎవరిదో తెలిసిపోయినట్టే.

ఈ పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది. మన ఊళ్లలో రంజాన్ నెల వస్తే ఇఫ్తార్ ఫ్లెక్సీలు లేస్తాయి. రేషన్ కిట్ల పంపిణీలో ఒక సంచిని ఆరుగురు పట్టుకుని ఫొటో దిగుతారు. ఉమ్రాకు వెళ్లినవాడు ఇహ్రామ్‌లో కాబా ముందు వీడియో కాల్ చేస్తాడు. వీళ్ల నియ్యత్ తేల్చే అధికారం మనకు లేదని మొదటే చెప్పుకున్నాం. అదీగాక బాహాటంగా ఇవ్వడం తప్పని ఖురానే అనలేదు. రెండో సూరా 271వ ఆయతు బయటికి ఇచ్చినా మంచిదే, రహస్యంగా పేదలకిస్తే ఇంకా మంచిదని చెబుతుంది. ముజర్ తెగ పేదలు ఒంటినిండా బట్ట లేకుండా మదీనాకు వచ్చినప్పుడు ప్రవక్త ముఖం చిన్నబోయింది. దానం చేయమని ప్రసంగించారు. ఒక అన్సారీ చెయ్యి మోయలేనంత సంచి తెచ్చి అందరి ముందే పెట్టాడు. అది చూసి జనం బారులు తీరారు, తిండీ బట్టా రెండు కుప్పలయ్యాయి, ప్రవక్త ముఖం వెలిగిపోయింది. మంచి పనికి దారి వేసినవాడికి తర్వాత నడిచినవాళ్ల పుణ్యంలోనూ వాటా ఉందని ఆయన చెప్పింది ఆ సందర్భంలోనే. ఆ సంచి రహస్యంగా వచ్చి ఉంటే రెండో సంచి వచ్చేది కాదేమో.

కానీ ఆ సంఘటనలో జనం చూసింది ఇచ్చిన చేతిని. మన ఫొటోల్లో పుచ్చుకునే ముఖం కూడా ఉంటుంది. అక్కడ నియ్యత్ జోలికే వెళ్లకుండా వేలు పెట్టొచ్చు, ఎందుకంటే దెప్పిపొడుపుతో, నొప్పించడంతో దానం చెడిపోతుందని ఆ రెండో సూరాలోనే 264వ ఆయతులో ఉంది. బండ మీది మట్టి ఒక్క వానకు కొట్టుకుపోయినట్టు పోతుందట. జకాత్ డబ్బు ఎంత వచ్చింది, ఎన్ని ఇళ్లకు చేరింది అన్న లెక్క మసీదు గోడకు అంటించమనండి, చూసి నలుగురు ఇస్తారు. బియ్యం సంచి అందుకుంటున్న ముసలమ్మ ఫొటో దాని పక్కన ఎందుకు?