ఎలుగుబంటి సాక్ష్యం

2002లో ఒక ఈమెయిల్ చాలా దేశాలు తిరిగింది. మీ కంప్యూటర్‌లో జేడీబీజీఎంజీఆర్ డాట్ ఈఎక్స్‌ఈ అనే ఫైలు ఉందేమో వెతకండి, దాని పక్కన బుల్లి ఎలుగుబంటి బొమ్మ కనిపిస్తుంది, అది వైరస్, నార్టన్‌కూ మెకాఫీకీ దొరకదు, 14 రోజులు నిద్రపోయి ఆ తర్వాత లేస్తుంది, వెంటనే తీసేసి మీ అడ్రస్ బుక్కులో ఉన్నవాళ్లందరికీ చెప్పండి. ఇదీ దాని సారాంశం. వెతికినవాళ్లకు ఫైలు దొరికింది. బొమ్మ కూడా అచ్చం చెప్పినట్టే ఉంది. దొరక్కేం! జావా ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం విండోస్‌లో మైక్రోసాఫ్టే పెట్టిన ఫైలు అది. మీ వంటింట్లో ఉప్పు డబ్బా ఉందేమో చూడండి, ఉంటే ఎవరో విషం పెట్టినట్టే అని ఒకడు చెప్పి పోయాడనుకోండి, ఇంచుమించు అంతే. కాకపోతే ఉప్పు డబ్బా మనకు తెలుసు, ఆ ఫైలును అంతకుముందు ఎవరూ చూసి ఉండలేదు. తెలియని పేరు, తమాషా బొమ్మ, సొంత కళ్లతో చూసుకున్న సాక్ష్యం. చదువుకున్నవాళ్లు కూడా తీసేశారంటే తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు.

ఇలాంటి బూటకపు హెచ్చరికల గుట్టు విప్పడం ఒక విద్య. వాస్తవాలు తెలిస్తే చాలు, అది వచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. వాస్తవాలు కావాలి, సందేహం లేదు. అయితే ఈ పనిలో అసలు కష్టం కొలత దగ్గర వస్తుందని నా అభిప్రాయం. చేతిలో ఎంత ఆధారం ఉందో అంతవరకే మాట్లాడి ఆగడం. అబద్ధాన్ని కొట్టే ఊపులో మనమూ అరంగుళం ముందుకు జరిగామా, ఆ అరంగుళమే తర్వాత మన మెడకు చుట్టుకుంటుంది.

ఈ మాటకు రుజువు ఈ జాతి మెయిళ్లన్నిటికీ పెద్దన్నలాంటి గుడ్ టైమ్స్ చరిత్రలోనే ఉంది. 1994 చివర్లో అమెరికాలో పుట్టింది. ఆ పేరుతో మెయిల్ వస్తే తెరవొద్దు, చదివితే చాలు హార్డ్ డిస్క్ తుడిచిపెట్టుకుపోతుంది అన్నది హెచ్చరిక. తర్వాతి రూపాల్లో అమెరికా సమాచార ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పేరు వచ్చి చేరింది. ప్రాసెసర్‌ను అంతులేని ద్విసంఖ్యా వలయంలో పడేసి పాడుచేస్తుందన్న గంభీరమైన ముక్క కూడా తగిలించారు. దానికి అర్థం లేదు, బరువుంది. వైరస్ హెచ్చరికలు ఇవ్వడం ఎఫ్‌సీసీ పనే కాదు. అమెరికా ఇంధన శాఖ కింద ఉన్న కంప్యూటర్ భద్రతా బృందం అదే ఏడాది డిసెంబరులో ఇది బూటకమని ప్రకటించింది. సరిగ్గానే చెప్పింది. ఆ ఊపులో కొందరు ఇంకో మెట్టు ఎక్కారు. మెయిల్‌ను చదివినంత మాత్రాన వైరస్ రావడం ఏనాటికీ జరగదని తేల్చేశారు. 1999 నవంబరులో బబుల్‌బాయ్ వచ్చింది. అటాచ్‌మెంట్ ఏదీ నొక్కకుండానే, ఔట్‌లుక్‌లో మెయిల్ తెరిస్తే పనిచేసే పురుగు. అది పెద్దగా వ్యాపించలేదు గానీ, అదే భద్రతా లోపాన్ని వాడుకున్న కాక్ అనే మరో పురుగు ఆ తర్వాత బాగానే తిరిగింది. గుడ్ టైమ్స్ అబద్ధం అన్నవాళ్ల మాట ఈనాటికీ చెల్లుతుంది. ఏనాటికీ జరగదు అన్నవాళ్ల మాట ఐదేళ్లకే మురిగిపోయింది.

2001 నాటి సల్ఫ్‌ఎన్‌బీకే సంగతి ఇంకా మెలికలది. అదీ విండోస్ ఫైలే. పొడుగాటి ఫైలు పేర్లను పదిలపరచి తిరిగి తెచ్చుకోవడానికి పెట్టింది. బ్రెజిల్‌లో పోర్చుగీసు మెయిల్‌గా మొదలై, ఇంగ్లిషులోకి మారి, జూన్ 1న పేలే వైరస్ అది, తీసేయండి అంటూ ఊరేగింది. ఇక్కడ ఖండన రాసేవాడు ఈ ఫైలు వల్ల ప్రమాదమే లేదని ఒక్క ముక్కలో తేల్చేస్తే? ఆ రోజుల్లోనే మాజిస్టర్ అనే నిజమైన వైరస్ ఉంది. అది మిషన్‌లోని ఫైళ్లకు అంటుకుని, వాటినే మెయిల్‌కు తగిలించి పంపేది. అలా ఈ పేరుతోనే అంటు తగిలిన ఫైలు మెయిల్లో రావచ్చు. అందుకే సరైన జవాబుకు రెండు ముక్కలు కావాల్సి వచ్చింది: మీ విండోస్ ఫోల్డర్‌లో ముందునుంచీ ఉన్నదాన్ని ముట్టుకోకండి, మెయిల్లో వచ్చినదాన్ని తెరవకండి.

నిప్పు లేనిదే పొగ రాదు కదా, అందులో ఎంతోకొంత నిజం ఉన్నట్టేగా అని ఇక్కడే ఒకరు లేస్తారు. సామెత పొయ్యి దగ్గర బాగానే పనిచేస్తుంది. మెయిల్ విషయంలో మాత్రం పొగను వేరే ఎవరో ఊదుతుంటారు. ప్రతివాడూ పదిమందికి పంపితే ఆరో విడతకే పది లక్షల ఉత్తరాలు. అంత పొగకు మొదట నిప్పు ఉండాల్సిన పనిలేదు, పంపమని చెప్పే ఒక్క వాక్యం ఉంటే చాలు. గుడిలో పాము కనిపించి పూజారితో మాట్లాడిందనీ, ఈ కాగితం అచ్చువేసి పంచితే మేలనీ, చించితే కీడనీ చెప్పే కరపత్రాలు మన ఊళ్లలో కంప్యూటర్ రాకముందే ఈ లెక్క మీద బతికాయి. కీడు స్థానంలో హార్డ్ డిస్క్ వచ్చింది, అంతే తేడా.

పోనీ, జాగ్రత్త కోసం పంపితే పోయేదేముంది అన్న వాదన దీనికంటే గట్టిది, ఎందుకంటే అందులో మంచితనం ఉంది. ఇవి పంపేవాళ్లలో ఎక్కువమంది అవతలివాళ్ల మేలు కోరేవాళ్లే. కానీ ఎలుగుబంటి మెయిల్ చూడండి. వైరస్ చేయాల్సిన రెండు పనులూ, అంటే ఫైలు చెరపడమూ అడ్రస్ బుక్కంతా వెళ్లడమూ, ఆ మంచివాళ్ల చేతులతోనే జరిగిపోయాయి. రాసినవాడికి ఒక్క వరుస ప్రోగ్రాము రాసే శ్రమ కూడా లేదు. దీనికితోడు నాన్నా పులి కథ ఉండనే ఉంది. నిజం హెచ్చరిక వచ్చిన రోజున ఎవరూ తలెత్తి చూడరు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే అభ్యంతరం మరొకటి. అబద్ధం ఒక్క వాక్యంలో పరుగెత్తుతుంటే, నువ్వు రెండు ముక్కలు, మూడు షరతులు అంటూ కూర్చుంటే ఎవరు చదువుతారయ్యా, ఎర్ర అక్షరాలతో ఫేక్ అని ముద్ర కొట్టి పడేయరాదా అంటారు. ముద్ర త్వరగా వెళ్తుంది, కాదనను. అయితే వాట్సాప్‌లో తిరిగే మార్టినెల్లి సందేశాన్ని తీసుకోండి. ఆ పేరుతో రేపు ఒక వీడియో వస్తుంది, తెరిస్తే ఫోను హ్యాక్ అవుతుంది, బాగుచేయడం కుదరదు అంటుంది. అలాంటి వీడియో లేదని 2017లోనే స్పెయిన్ పోలీసులు చెప్పారు. తర్వాత ఆ సందేశానికి తోక మొలిచింది: వాట్సాప్ గోల్డ్‌కు మారమని మెసేజ్ వస్తే నొక్కకండి. ఈ తోక నిజం. 2016లో ఆ పేరుతో మోసపు లింకులు తిరిగాయి. మొత్తం మీద ఫేక్ అని ముద్ర కొడితే, లింకు నొక్కినా ఫర్వాలేదని మనమే చెప్పినట్టు. 2018లో మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ కాకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది, 2020 ఏప్రిల్‌లో బాగా చేతులు మారిన సందేశాలను ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. అబద్ధం నడక కొంత తగ్గుతుందేమో గానీ, తలకూ తోకకూ తేడా చెప్పడం ఆ కట్టడి వల్ల అయ్యే పని కాదు.

పొట్టిగా, కొలత తప్పకుండా రాయడం అసాధ్యమేమీ కాదు. ఎలుగుబంటి ఫైలు తీసేసుకున్నవాళ్లకు అప్పట్లో మైక్రోసాఫ్ట్ చెప్పిన జవాబులో కంగారూ లేదు, వెక్కిరింతా లేదు. అది వైరస్ కాదు. తీసేసి ఉంటే, మీరు మా పాత పనిముట్లతో జావా ప్రోగ్రాములు రాసేవాళ్లయితే తిరిగి పెట్టుకోండి. కాకపోతే అలాగే వదిలేయండి, దానితో మీకు పని పడదు.